కుప్పింటి వేరు, గొంతు బరిణె

ఆ పొద్దున ఆకాశం చేటలో చెరిగిన నూకల్లా ఉంది. తూర్పున చిన్న చిన్న తెల్లమబ్బులన్నీ ఒక పక్కకు ఒరిగి నిలిచాయి. వాటి అడుగున పసుపు పూసినట్టు వెలుగు పాకుతోంది. పడమట చందమామ ఇంకా దిగలేదు. అంచు కాస్త కొరికిన అప్పంలా ధూపగిరి శిఖరం మీద ఆగి ఉన్నాడు. ఆ కొరికిన అంచు రేపటికి నిండుతుంది. రేపు పున్నమి.

పోలన్న చందమామ వంక చూశాడు. నోట్లోని వేపపుల్ల తీసి పక్కన పడేశాడు.

అనవలసినవన్నీ యువరాజు రత్నకేతుడే అంటున్నాడు. కలమదేశపు రాజధాని ధాన్యపురి దాటిన దగ్గర నుంచి ఆయన నోరు మూతపడింది లేదు. వాగు దాటుతుంటే వాగు మీద, ముల్లు గుచ్చుకుంటే ముల్లు మీద, ఏమీ లేకపోతే ఏమీ లేకపోవడం మీద మాట్లాడాడు. కత్తి పట్టాడంటే పదిమందికి ఒక్కడు. మాట పట్టినా అంతే.

"పోలన్నా, రేపు చందమామ పొడిచేలోగా మా చెల్లెలి గొంతు ధాన్యపురికి చేర్చకపోతే ఏమవుతుందో తెలుసునా?"

"తెలుసు దొరా."

"తెలిసినా చెబుతాను, విను."

పోలన్న విన్నాడు. రాకుమారి మాణిక్యవల్లి పలికితే గాదెల మీది పావురాలు గింజలు మాని తలలు తిప్పేవి. ఆ గొంతు మీద భస్మోదరుడనే మాంత్రికుడి కన్ను పడింది. వాడికి బానంత బొజ్జ, ఆ బొజ్జకు మూడు పూటలా బూడిద పూత, బావిలో కప్పలాంటి గొంతు. ఆ గొంతుతో చదివితే పెద్ద మంత్రాలు పలకవు. అందుకని గాయకుడి వేషంలో సభకు వచ్చి, పాట నేర్పుతానని చెప్పి, రాకుమారి గొంతును ఊడబెరికి దంతపు బరిణెలో పెట్టుకుపోయాడు. పున్నమి చంద్రుడు పొడిచే వేళకు ఆ గొంతు బరిణెలో పక్వానికి వస్తుంది. అప్పుడు వాడు దాన్ని మింగుతాడు. ఆ తరువాత వాడు ఏది అంటే అది జరుగుతుంది. మాణిక్యవల్లి మాత్రం ఇక బతికినన్నాళ్లూ చేతి సైగలతోనే వెళ్లబుచ్చాలి.

"ఇక ఈ కొండ జాడ మనకు చెప్పిన ముని మాట. మూత తీయవలసింది చెల్లెలి ఎదుటే. వేరేచోట మూత ఊడిందా, వినపడేంత దూరంలో మనిషి ఎవడు ముందు నోరు విప్పి పలికితే వాడి గొంతులోకి దూరిపోతుంది. మళ్లీ బయటికి రాదు. ఒకవేళ భస్మోదరుడి గొంతులోకే పున్నమికి ముందు దూరిందనుకో, అది ఇంకా పచ్చి గొంతు. వాడి మంత్రాలన్నిటినీ తుడిచిపెట్టి ఉత్త ఆడపిల్ల గొంతుగా మిగిలిపోతుంది. ఊహించు పోలన్నా! ఆ బొజ్జా, ఆ మీసమూ, ఆ గొంతూ!"

యువరాజు నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెల్లెలి మొహం గుర్తొచ్చినట్టుంది.

పోలన్న గాదెలవారి బిడ్డ. రాజుగారి ధాన్యపు గాదెలకు తరతరాలుగా కాపలా వాళ్లే. ఎలుకల కోసం వాళ్ల ఇంట మనుషులకంటే పిల్లులు ఎక్కువ. ఈ ప్రయాణానికి యువరాజు పోలన్నను ఏరి తెచ్చుకున్నది అందుకే. ధూపగిరి గుహ ముందు కాపలా ఉన్నది పులి కాదు, సింహం కాదు. పిల్లి. గాదెల దగ్గర నుంచే భస్మోదరుడు ఎత్తుకుపోయిన ఆడపిల్లి. వాడు దానికి ఏదో తినిపించి ఏనుగంత చేశాడు.

కొండ మొదట్లో పాతకాలపు ప్రహరీ ఒకటి కూలి ఉంది. పోలన్న గోడ వెంట వంగి వంగి నడిచి ఒకచోట కూర్చున్నాడు. మోకాలెత్తు మొక్కలు. రంపపు పళ్ల అంచుల ఆకులు, చిన్న చిన్న దొప్పలు గుచ్చినట్టున్న వెన్ను.

"కుప్పింటాకు కాదూ? పిల్లలకు గజ్జి లేస్తే రసం పూస్తారు. దీనితో పిల్లిని చంపుతావా?"

"చంపేదెందుకు దొరా? మనూరి పిల్లేగా." పోలన్న ఒక మొక్కను మెల్లగా కదిలించి వేరుతో సహా లాగాడు. మట్టి దులిపి, వేరును గోటితో గిల్లి యువరాజు ముక్కు దగ్గర పెట్టాడు. "చూడండి."

"పచ్చిగడ్డి వాసన. కాస్త మట్టి. ఏముంది ఇందులో?"

"మనకేం లేదు. పిల్లికి ఉంది. ఆకులో అంత ఉండదు, వేరు నలిగితే లేస్తది. గాదెల కాడ ఒక్క మొక్క పీకితే చాలు, ఏడేడ పిల్లులో వచ్చి మూతి రుద్దతయ్, దొర్లతయ్, చొంగ కారుస్తయ్. ఎలక ముక్కు మీద ఎక్కి కూర్చున్నా లేవవు."

"ఆగాగు. మా అమ్మగారి తలనూనెలో జటామాంసి వేర్లు వేస్తారు. అంతఃపురంలో ఉన్న తెల్లపిల్లి పొద్దస్తమానం ఆవిడ జడ పట్టుకు వేలాడేది. ఇదీ అదే జాతి మత్తా?"

"అయ్యుంటది. ఆ రెండు వేర్లకీ పిల్లి పడతది." పోలన్న యువరాజు జుట్టు వంక ఒకసారి చూశాడు. నిగనిగలాడుతోంది. "తమరూ అదే నూనె రాస్తారా?"

"రాజవంశమంతా అదే రాస్తాం. ఎందుకు?"

"ఊరికే అడిగాలే."

ఇద్దరూ వేళ్లు పీకి బండ మీద నలగ్గొట్టారు. చుట్టూ మూగిన దోమలు ఆ వాసన లేవగానే ఎటో తప్పుకున్నాయి. మత్తు ఎంతసేపు ఉంటుందని యువరాజు అడిగాడు. ఎసరు పెట్టి గంజి వార్చేంతసేపు, అన్నాడు పోలన్న. ఆ తరువాత అదే వేరు మూతికి రాసినా పిల్లి లెక్కచేయదు, పొద్దు బాగా ఎక్కేదాకా మళ్లీ పట్టదు. "ఇంకోటి దొరా. పాలు తాగే కూనలకి ఈ వాసన ఎక్కదు. పెద్దవాటికే."

పన్నాగం తేలిక. పోలన్న ఒంటికి పిప్పి పూసుకుని పిల్లి ముందుకు పోవాలి. అది అతని మీద పడి దొర్లుతుండగా యువరాజు కత్తి దూసి గుహలోకి పోవాలి. భస్మోదరుడు పొద్దున్నే కొండ అవతలి వల్లకాటికి బూడిద కోసం పోతాడు. వాడు తిరిగి వచ్చేలోగా బరిణె చేతికి రావాలి.

పోలన్న చేతులకు, మెడకు పిప్పి పూసుకున్నాడు. యువరాజు తన చేతులకు అంటింది మీసానికి, కండువాకు తుడుచుకున్నాడు. ఇద్దరూ వాగు దాటి కొండ ఎక్కారు.

ధూపగిరి అందం చెప్పాలంటే ఒక నోరు చాలదు. బండ బండకూ ఒక రంగు. తేనెరంగు బండల సందుల్లో గుగ్గిలం చెట్లు జిగురు కార్చి నిలిచాయి. ఆ జిగురు మీద ఎండ పడితే కొండంతా కర్పూరహారతి ఎత్తినట్టుంది. దవనం, మరువం ఎవరూ నాటకుండానే మెట్లు మెట్లుగా పెరిగాయి. పైనుంచి జారే సెలయేరు వట్టివేళ్లను కడుగుతూ వస్తోంది, ఆ నీళ్లు తాగితే కడుపులోకే చలువ దిగుతుంది. నెమళ్లు ఆ వాసనలకు మత్తెక్కి, మబ్బు లేకపోయినా పురి విప్పుతున్నాయి. ఇన్ని పరిమళాల నడుమ, గుహ నోటి ముందు, మూడు బండ్ల గడ్డివామి పడుకున్నట్టు పడుకుని ఉంది మహామార్జాలం. బూడిదరంగు మీద నల్లచారలు. ఎడమ చెవి కొనకు చిన్న గాటు. గాదెల పిల్లులన్నిటికీ వేసే గాటు అది.

పోలన్న ముందుకు నడిచాడు. పిల్లి కళ్లు తెరిచింది. ఒక్కో కన్ను ఇత్తడి తాంబాళమంత. మూతి ముందుకు చాచి అతని చేయి వాసన చూసింది. మళ్లీ చూసింది. తరువాత పెదవి పైకెత్తింది. లోపల పళ్లు రోకళ్లలా ఉన్నాయి.

పోలన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. తన చేతులు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి.

గాదెలవారి ఇళ్లలో ఒక ఆచారం ఉంది. కుప్పింటి మొక్క పీకినవాడు బూడిదతో చేతులు, మెడ తోముకోకుండా ధాన్యం ముట్టడు. ముట్టాడా, పిల్లులన్నీ వచ్చి రాశి మీద దొర్లుతాయి. మిగిలిన పిప్పిని పారే నీటిలో వదలాలి. పోలన్నకు నడక రాకముందే వాళ్లమ్మ ఈ అలవాటు చేసింది. ఇందాక వాగు దాటేటప్పుడు, యువరాజు చేపల మీద మాట్లాడుతుంటే, పోలన్న ఒడ్డున ఎవరో బాటసారులు వదిలిన పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి ఒళ్లంతా తోముకున్నాడు. పిప్పి నీటిలో వదిలాడు. తను చేశాడని కూడా అతనికి తెలియదు. చేతులు చేశాయి.

"దొరా," అన్నాడు కదలకుండా. "పరిగెత్తండి."

"ఎటు?" అంటూ యువరాజు చెట్టు చాటునుంచి తల బయటపెట్టాడు.

గాలి అటునుంచి ఇటు తిరిగింది. మీసంలో కుప్పింటి వేరు, జుట్టులో జటామాంసి. మహామార్జాలం ముక్కుపుటాలు అదిరాయి. పోలన్నను పక్కకు తోసి ఒక్క దూకు దూకింది. యువరాజు కత్తి ఒకవైపు, కిరీటపు పాగా ఒకవైపు, యువరాజు కిందా, పిల్లి పైనా. పోలన్న కళ్లు మూసుకున్నాడు.

గుర్‌ర్‌ర్ మని శబ్దం మొదలైంది. పది తిరగళ్లు ఒక్కసారి తిప్పినట్టు కొండ అదిరింది.

"పోలన్నా! ఇది నన్ను నాకుతోంది! నా మీసం! ఓరి నాయనో, చెవి! చెవిలో నాలుక పెట్టింది!"

"కదలమాకండి దొరా! గంజి వార్చేంతసేపు!"

"ఎవరింటి గంజి? ఎంతమందికి వండే గంజి? నువ్వే పో లోపలికి! బరిణె తే!"

పోలన్న గుహలోకి పరిగెత్తాడు.

లోపల వెలుగుకు దీపం అక్కర్లేదు. గోడల నిండా గూళ్లు, గూళ్ల నిండా సీసాలు, సీసాల్లో భస్మోదరుడు దొంగిలించిన చప్పుళ్లు. ఒకదానిలో ఉరుము బంతిలా చుట్టుకుని అప్పుడప్పుడు మిణుకుమంటోంది. ఒకదానిలో కోయిల కూత ఎర్రగా, ఒకదానిలో ఎవరో అత్తగారి తిట్టు ఆకుపచ్చగా, బిరడాను తన్నుతూ. నడుమ వెండి గొలుసుల ఉయ్యాల. ఉయ్యాలలో పట్టు దిండు మీద దంతపు బరిణె. పోలన్న దాన్ని తీశాడు. లోపల ఏదో చిరుగజ్జెలా గలగలమంది.

ఆ గలగలకు మూల నుంచి రెండు పచ్చని కళ్లు లేచాయి.

కూన. తల్లి కడుపులో ఉండగానే మంత్రం తిన్నది కాబట్టి దూడంత ఉంది. తోక నిటారుగా పెట్టి వచ్చింది. పోలన్న ఎడమచేత్తో పంచె మడతలో నలగకుండా దాచుకున్న ఒకే ఒక్క వేరు తీసి, గోటితో గిల్లి దాని ముక్కు ముందు ఆడించాడు. కూన ఆ వేరును చూసింది, పోలన్నను చూసింది, పెదవి విరిచినట్టు తల పక్కకు తిప్పుకుంది. దానికి కావలసింది గజ్జె. పంజా విసిరింది.

బరిణె ఎగిరిపోయి నేల మీద దొర్లింది. కూన దాని వెనక. పోలన్న కూన వెనక. గుహ నోటి దాకా దొర్లి, గడపరాయికి తగిలి, టక్ మంది.

పోలన్న బరిణెను పొట్టకు కరుచుకుని పడ్డాడు. మూత ఊడలేదు. కానీ అంచున వెంట్రుకవాసి బీట. ఆ బీటలోంచి, దూరాన ఎవరో ఆడపిల్ల నిద్రలో మూలిగినట్టు, సన్నని ఊఁకారం వస్తోంది. బీట పడినా మూత ఊడినట్టే.

అటు చూస్తే యువరాజు పిల్లి మెడ కిందినుంచి తల బయటికి లాక్కుని, ఊపిరి గుండెల నిండా పీల్చుకుని, ఏదో పెద్ద మాట అనబోతున్నాడు.

పోలన్న అంత వేగంగా ఎన్నడూ పరిగెత్తలేదు. నడుముకు కట్టిన సద్దిమూటలో చేయి పెట్టి, చేతికి అందిన బెల్లపు గడ్డను యువరాజు నోట్లో కుక్కాడు. బీట చూపించాడు. పెదవుల మీద వేలు పెట్టాడు.

యువరాజు కళ్లు పెద్దవయ్యాయి. బెల్లం కరకరలాడలేదు. నమలడానికి కూడా భయపడ్డాడు.

ఆ క్షణానే తిరగళ్లు ఆగిపోయాయి. మహామార్జాలం నాకడం మాని తల ఎత్తింది. ఈ మనిషి ఎవడు, నా కాళ్ల కింద ఎందుకున్నాడు అన్నట్టు చూసింది. లేచి, పక్కకు జరిగి, పంజా నాక్కుంది. తరువాత మెల్లగా ఇటు తిరిగింది. ఆ చూపులో ప్రేమ లేదు.

యువరాజు పడిపోయిన కత్తి అందుకున్నాడు. ఇద్దరూ కొండ దిగిన తీరు దొర్లడమో, ఎగరడమో చెప్పడం కష్టం. దవనం తొక్కారు, మరువం తొక్కారు, వట్టివేళ్ల నీళ్లలో జారి నడుం విరగ్గొట్టుకున్నారు. "అమ్మా" అని కూడా అనకుండా పడ్డారు. పిల్లి సెలయేటి దాకా వచ్చి, కాలు తడుపుకోవడం ఇష్టం లేక ఆగిపోయింది. కూన మాత్రం గజ్జెచప్పుడు వదల్లేక రాళ్ల మీదుగా గెంతి వీళ్ల వెంట పడింది.

వాగు దాటాక పోలన్న బీటకు బంకమట్టి మెత్తాడు. ఎండకు అది ఎండి రాలింది. మళ్లీ మెత్తాడు. మళ్లీ రాలింది. లక్క ఉంటే నిలుస్తుంది. లక్క ధాన్యపురిలో ఉంది. ధాన్యపురి ఇంకా ఒక రాత్రి, ఒక పగటి దూరం. బీట మీద బొటనవేలు అదిమి నడిచాడు.

మాట్లాడకుండా నడవడం పోలన్నకు రోజూ ఉన్నదే. యువరాజు అవస్థ చూడాలి. దారిలో రెండు తలల తాటిచెట్టు కనిపించింది. ఆయన ఆగాడు, చెట్టును చూపించాడు, పోలన్నను చూశాడు, చేతులు గాలిలో తిప్పాడు, ఎర్రబడ్డాడు, గుటక మింగాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆకాశం వంక నోరు తెరిచి శబ్దం లేకుండా అరిచాడు. కూన ఆయన కాళ్లకు అడ్డంపడి నడుస్తూ ఇదేదో ఆట అనుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నేరేడుచెట్టు కింద కూర్చుని పోలన్న మూట విప్పాడు. కొర్రన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయలు. మోదుగాకులు రెండు కుట్టాడు.

అప్పుడు గాజులు గలగలమన్నాయి.

దారి మలుపులో గాజులమ్మి వస్తోంది. భుజాన రంగురంగుల గాజుల మలారం, నెత్తిన ముసుగు, చేత కర్ర. పోలన్న చూస్తూ ఉన్నాడు. గాజులమ్మేది కేక వేయకుండా నడవదు. ఈ అడవిలో గాజులు వేయించుకునేది ఎవరు? చీరకుచ్చెళ్ల మీద బొజ్జ నిండుబానలా ఊగుతోంది. పాదాల మీద ఉన్నది దారి దుమ్ము కాదు, తెల్లటి బూడిద. యువరాజు ఒళ్లో పడుకున్న కూన చెవులు వెనక్కి వంచి, బొచ్చంతా నిక్కబొడుచుకుని, ఆయన చంకలో తల దూర్చింది.

భస్మోదరుడే. కప్పగొంతు వినబడితే గుర్తుపడతారని దారంతా మూగగా వచ్చాడు. దగ్గరికి వచ్చాక వాడు ముసుగు తీశాడు. వేళ్లు ముద్రపట్టి, కాళ్లు చేతులు కట్టేసే స్తంభనమంత్రం చదవడానికి నోరు తెరిచాడు.

పోలన్న బరిణె పైకెత్తాడు. బొటనవేలు తీశాడు.

బీట ఎండలో మెరిసింది. ఊఁ అని సన్నగా మాణిక్యవల్లి గొంతు వినబడింది.

భస్మోదరుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఒక్క అక్షరం పలికితే చాలు, పచ్చి గొంతు వాడి గొంతులో పడుతుంది, నేర్చిన మంత్రాలన్నీ పోతాయి. వాడి నుదుటి మీద చెమట బూడిదను తడిపి కారింది. మెల్లగా, తలుపు వేసినట్టు, నోరు మూశాడు.

యువరాజు చేయి కత్తి మీదికి పోయింది. పోలన్న ఆ చేయి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. కత్తి దిగితే వాడు అరుస్తాడు. అరిస్తే గొంతు వాడిలో పడి వాడితోనే చస్తుంది. యువరాజుకు అర్థమైంది. కత్తి వదిలాడు. భస్మోదరుడికీ అర్థమైంది. వాడు మంత్రం చదవలేడు, వీళ్లు చంపలేరు, బరిణెను వదిలి ఎవరూ పోలేరు.

పోలన్న బరిణె వంక చూశాడు. పొద్దుటి నుంచి ఈ బీటను చూసి గుండె చెరువైంది. ఇప్పుడు ఇదే కోటగోడ. ధాన్యపురి గుమ్మం చేరేదాకా దీన్ని మూయకూడదు.

మాంత్రికుడి బొజ్జలో ఏదో గురగురమంది. పొద్దున్నే బూడిదకు పోయి, గుహకు వచ్చి, వీళ్ల వెనక ఎండలో పరిగెత్తుకొచ్చినవాడు. ఎప్పుడు తిన్నాడో.

గాదెలవారి ఇంట మూట విప్పాక వచ్చినవాడికి పెట్టకుండా తినరు. వచ్చినవాడు ఎవడన్నది లెక్క కాదు. పోలన్న ఇంకో మోదుగాకు తీసి పుల్లతో కుట్టాడు. కొర్రన్నం మూడు వాటాలు చేశాడు. కూనకు ఒక ముద్ద విడిగా రాయి మీద పెట్టాడు. బరిణెను మూడు విస్తళ్ల నడుమ, అందరికీ కనబడేలా ఉంచాడు.

యువరాజు పోలన్నను చూశాడు, మాంత్రికుణ్ణి చూశాడు. చెప్పాలనుకున్నవి వంద ఉన్నట్టున్నాయి. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

భస్మోదరుడు మలారం పక్కన పెట్టి, చీర సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి ముద్ద అనుమానంగా తిన్నాడు. రెండోది అలా తినలేదు. కాసేపటికి విస్తరి కాస్త ముందుకు జరిపి పచ్చడి వంక చూశాడు. పోలన్న వేశాడు.

బరిణె మాత్రం సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. ముగ్గురూ అది వింటూ, ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ, గోంగూర కారానికి కళ్లు తుడుచుకుంటూ తిన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.